పద్నాలుగున్నర నిమిషాల దగ్గర

లెస్టర్‌లో ఆ ఫిబ్రవరి
చీకటికి టైంటేబుల్ ఉండేది.
పేపర్లో మా వీధి ఏ గడిలో పడిందో వెతుక్కుని
ముందే టీ కాచుకునేవాళ్ళం.
బొగ్గు గనుల్లో సమ్మె.
ఆవ్రిల్ గార్సైడ్ తమ్ముడు డెన్నిస్
కోల్‌విల్‌లో గని గేటు ముందు
నూనె పీపాలో మంట వేసుకుని నిలబడ్డాడు.
ఇక్కడ ఆవ్రిల్ కొలిమి
నాలుగొందల నలభై డిగ్రీల దగ్గర నిలబడలేకపోతోంది.

నాకు పందొమ్మిదేళ్ళు. నా పని చిన్నది.
అరనిమిషానికోసారి
పాదరసం ఎంత ఎత్తెక్కిందో చూసి రాయడం.
బుడ్డిలో ఏమీ కనిపించేది కాదు.
నిండిందో, ఖాళీగా ఉందో
పాదరసం ఒక్కదానికే తెలుసు.

ఆమె నాకు చెప్పిన తీరు ఇది:
ఒక బల్ల చుట్టూ నలుగురు కూచున్నారనుకో,
ముగ్గురు కార్బన్లు, ఒక సిలికాన్.
ఇరుకు బల్ల. మోచేతులు తగులుతుంటాయి.
సెగ పెరిగితే ఇద్దరు లేచిపోతారు.
ఆ ఇద్దరూ కలిస్తే ఇథిలీన్,
దాని సంగతి ఊరందరికీ తెలిసిందే.
మరి మిగిలినవాళ్ళు?
ఒక కార్బన్, ఒక సిలికాన్,
ఒక్క చెయ్యి కాదు, రెండు చేతులూ పట్టుకుని.

"అలాంటి జంట నిలవదని పుస్తకాలంటాయి.
నిలవదు, సరే.
అసలు లేదని ఎందుకంటారు?"

మాకు దొరికేది ఎప్పుడూ తర్వాతి సంగతే.
అలాంటి జంటలు రెండు ఎదురై
మళ్ళీ నలుగురి బల్ల వేసుకునేవి.
ఆ బల్లను తూచగలం, లెక్కపెట్టగలం.
దానికి ముందున్న రెప్పపాటును
ఏ త్రాసులో వేస్తాం?

గోడలకు చెవులుంటాయంటారు.
మా అనుమానం, చేతులున్నాయని.
గాజులోనూ సిలికానే కదా, ఎంతైనా చుట్టరికం.
ఇదంతా ఆవిరి తనంతట తాను చేస్తోందా,
గోడ ఓ చెయ్యి వేస్తోందా?
గాజు ఊదే సీరిల్ టాప్లిస్
సన్న గొట్టాలను ముక్కలుగా కోసి
అంచులు మంటలో నున్నబరిచి
బుడ్డి నిండా కూరాడు. పన్నెండింతల గోడ.
వేగం వెంట్రుకవాసి కూడా మారలేదు.
"నా గాజు నిర్దోషి," అన్నాడు
పైపు నోట్లోంచి తియ్యకుండానే.

గురువారం, ఆ ఆవిరితో పాటు
మిథనాల్‌నూ పంపించాం,
ఒక జంట ఇంకో జంటను చేరేలోపు
దారిలో అడ్డం పడి పట్టుకోమని.
పదమూడున్నర, రాశాను.
పద్నాలుగు, రాశాను.
లైట్లు పోయాయి.

పట్టికలో ఇంకా గంట టైముంది మాకు.
ఆవ్రిల్ తిట్టలేదు. చీకట్లోనే చెయ్యి చాపి
అలవాటైన కుళాయి తిప్పి
బుడ్డిలో ఉన్నదంతా చలి గొట్టంలోకి లాగింది.
ద్రవ నైట్రోజన్‌కు కరెంటుతో పనిలేదు.
నేను కొవ్వొత్తి పట్టుకున్నాను,
చెయ్యి వణికిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటొచ్చింది.
రికార్డరు వేడెక్కాక కలం కదిలింది.
రోజూ వచ్చే గుట్ట
సగానికి కుంగింది.
దానికి ముందే, నిన్నటిదాకా చదునుగా ఉన్న చోట
మరో గుట్ట లేచింది.
ఆ జంటను మేం చూడలేదు.
అది చెయ్యి వదిలి
మరొకరి చెయ్యి అందుకున్న గుర్తు చూశాం.

ఆవ్రిల్ కోటు తొడుక్కుంది.
తమ్ముడి మీద కోపం రాలేదా అని అడిగాను.
"వాడి జీతం ఎంత సెగకు కదులుతుందో
వాళ్ళూ కొలుస్తున్నారు," అని
ఫ్లాస్కులో సూప్ నింపుకుని
ఆఖరి బస్సుకు పరుగెత్తింది.

వసంతానికి ఏడు చుక్కలు తేలాయి.
వాటి మీదుగా స్కేలు పెట్టి గీత గీసింది.
ఆ ఇద్దరూ బల్ల దగ్గర్నుంచి లేవడానికి
ఎంత ఖర్చవుతుందో ఆ వాలు చెప్పింది:
అరవై రెండు కిలోకేలరీలు, అటూ ఇటుగా.
ఆ అటూ ఇటూ గురించి
రెండు వారాలు పోట్లాడుకున్నాం.

నోట్‌బుక్ నా దగ్గరే ఉంది.
పద్నాలుగు నిమిషాల అంకె నా దస్తూరీలోనే,
వంకరగా.
పద్నాలుగున్నర దగ్గర అంకె లేదు.
మైనం బొట్టు.
గోటితో గీకితే రాలిపోతుందేమో,
ఇన్నేళ్ళలో ఒక్కసారీ గీకలేదు.